రెండు యాంటీవైరస్‌లు, ఒక కంప్యూటర్: ఏది ముందు తీయాలి?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా హాలియా. మా ఆయనకు ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. లెక్కలన్నీ ఇంట్లో కంప్యూటర్‌లో ట్యాలీలో నేనే రాస్తాను. జీఎస్టీకి కావలసినవన్నీ ఆడిటర్‌కు పంపేదీ నేనే. మూడేళ్ల కింద కొన్న యాంటీవైరస్ ఇంకో నెలలో అయిపోతుంది. హైదరాబాద్‌లో చదువుకుంటున్న మా అబ్బాయి దసరాకు వచ్చి, పాతది తీయకుండానే ఇంకో కంపెనీ ట్రయల్ వేసి పోయాడు. రెండుంటే డబుల్ సేఫ్టీ అన్నాడు. అప్పటి నుంచి ట్యాలీ తెరుచుకోవడానికే ఐదు నిమిషాలు పడుతోంది. పైగా స్క్రీన్ మీద కుడివైపు కింద 'మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, వెంటనే రెన్యూ చేయండి' అని రోజూ వస్తోంది. కంప్యూటర్ షాపాయన పాతదే రెన్యూ చేయించుకోమంటున్నాడు. మా మరిది ఏదీ కొనొద్దు, విండోస్ 10లో ఉన్నదే చాలంటున్నాడు. పాతది తీసేస్తే ట్యాలీ డేటా పోతుందేమోనని టెన్షన్. పట్టా పాసుపుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు స్కాన్ చేసి ఆ పాత యాంటీవైరస్‌లోనే ఉన్న లాకర్‌లో దాచాను. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ఉత్తరం చివర్లో మీరు రాసిన లాకర్ సంగతే అన్నిటికంటే ముఖ్యం. అందులోని ఫైళ్లు బయటికి తీసేదాకా పాత యాంటీవైరస్‌ను ముట్టుకోకండి. షాపాయన వచ్చి తీస్తానన్నా సరే, ఆగమనండి.

ఎందుకంటే ఆ లాకర్ మామూలు ఫోల్డర్ కాదు. అందులో వేసిన ఫైలును ఆ సాఫ్ట్‌వేర్ మీ పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే ఇంకెవరూ చదవలేని రూపంలోకి మార్చేస్తుంది. దాన్ని మళ్లీ చదవగలిగేది ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కటే. అది వెళ్లిపోయాక ఫైలు డిస్క్ మీద కనిపించినా తెరుచుకోదు. ట్యాలీ డేటా గురించి మీకున్న భయం నిజానికి ఈ లాకర్ గురించి ఉండాలి. గడువు ముగిశాక కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఇలాంటి అదనపు సౌకర్యాలు ఆగిపోతాయి కూడా. మీకింకా నెల ఉంది కాబట్టి ఈ వారంలోనే లాకర్ తెరిచి, ఒక్కో ఫైలునూ మామూలు ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. చేశాక ప్రతిదీ ఒకసారి తెరిచి చూడండి. పాసుపుస్తకం పేజీలో సర్వే నంబరు, విస్తీర్ణం స్పష్టంగా చదవగలుగుతున్నారా? పదో తరగతి మెమో మీద హాల్‌టికెట్ నంబరు కనిపిస్తోందా? ఫైలు పేరు కనిపించింది కదా అని వదిలేయొద్దు. అదే యాంటీవైరస్‌లో బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు కూడా దాచి ఉంటే వాటినీ ఒక నోటు పుస్తకంలో రాసుకుని బీరువాలో పెట్టండి.

ఇక ట్యాలీ. యాంటీవైరస్‌ను తీసేయడం వల్ల ట్యాలీ డేటా పోదు, ఆ రెండింటికీ సంబంధం లేదు. అయినా బ్యాకప్ తీసుకోమనే చెబుతాను. ఈ పనిలో కంప్యూటర్‌ను నాలుగైదుసార్లు రీస్టార్ట్ చేయాలి. మధ్యలో కరెంటు పోతే పాత హార్డ్ డిస్క్ ఎలా ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్, వై కలిపి నొక్కితే డేటా మెనూ వస్తుంది. అందులో బ్యాకప్ ఎంచుకుని, ఎక్కడ పెట్టాలన్న చోట పెన్‌డ్రైవ్ చూపించండి. కంపెనీ పేరు ఎంచుకుంటే నిమిషాల్లో పని అయిపోతుంది. ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి మీ మెయిల్‌కు పంపుకొని అక్కడా ఉంచండి. జిరాక్స్ సెంటర్‌కు తీసుకెళ్లే పెన్‌డ్రైవ్ మాత్రం దీనికి వాడొద్దు. ఊరందరి పెన్‌డ్రైవ్‌లూ పెట్టే ఆ కంప్యూటర్ల నుంచే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే వైరస్ ఇళ్లకు వస్తుంది. ఇలాంటివి ఎన్నో చూశాను. లోపల ఫైళ్లు ఉంటాయి కానీ దాచేసి ఉంటాయి. డేటా మొత్తం పోయిందని జనం కంగారుపడి పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ కొట్టేస్తారు, దాంతో నిజంగానే పోతుంది.

ఇప్పుడు స్లో ఎందుకయిందో చెబుతాను. మీ అబ్బాయిని ఏమీ అనకండి, రెండుంటే మంచిదేననుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. మీరు ట్యాలీని తెరిచినప్పుడు అది వందల ఫైళ్లను డిస్క్ నుంచి తీసుకుంటుంది. యాంటీవైరస్ ప్రతి ఫైలునూ మధ్యలో ఆపి, చూసి, పర్వాలేదనుకున్నాకే వదులుతుంది. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ప్రతి ఫైలూ రెండుసార్లు ఆగుతుంది. సాగర్ రోడ్డు మీద ఒకే యూరియా లారీని వంద గజాల తేడాతో రెండు చెక్‌పోస్టుల వాళ్లు ఆపి, మొత్తం దింపించి, మళ్లీ ఎక్కించినట్టు. పైగా ఒక యాంటీవైరస్ తన దగ్గర పెట్టుకున్న వైరస్ ఆనవాళ్ల జాబితాను చూసి రెండోది అదే వైరస్ అనుకునే ప్రమాదమూ ఉంది. ఈ గొడవలో అసలు వైరస్‌ను ఇద్దరూ వదిలేసే సందర్భాలూ ఉంటాయి. కాబట్టి రెండుంటే భద్రత రెట్టింపు కాదు, తగ్గే అవకాశమే ఉంది.

విండోస్‌లోనే ఉండే డిఫెండర్ అనే యాంటీవైరస్ మాత్రం ఇలా పోటీకి రాదు. వేరే కంపెనీ యాంటీవైరస్ వస్తే తానే పక్కకు తప్పుకుంటుంది, అది పోగానే తిరిగి డ్యూటీలోకి వస్తుంది. బయటి కంపెనీల సాఫ్ట్‌వేర్లు రెండు కలిసినప్పుడే ఈ తంటా.

మరి ఏది ఉంచుకోవాలి? నేను మీ మరిది మాటకే ఓటు వేస్తాను. ఒకప్పుడు విండోస్‌తో వచ్చేదాన్ని ఎవరూ లెక్కచేసేవాళ్లు కాదు, అప్పట్లో అది న్యాయమే. 2012లో విండోస్ 8తో డిఫెండర్ పూర్తిస్థాయి యాంటీవైరస్ అయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి మెరుగుపడుతూ వచ్చింది. జర్మనీలో ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలో ఏవీ-కంపారేటివ్స్ అనే సంస్థలు యాంటీవైరస్‌లన్నిటినీ ఒకే గాట కట్టి పరీక్షిస్తాయి. ఏవీ-టెస్ట్ పరీక్షల్లో డిఫెండర్ చాలాసార్లు డబ్బు పెట్టి కొనేవాటితో సమానంగా మార్కులు తెచ్చుకుంది. ఇంట్లో ట్యాలీ, మెయిల్, బ్యాంకు, పిల్లల చదువు వరకే అయితే అది సరిపోతుంది.

అలాగని షాపాయన మోసం చేస్తున్నాడని అనను. పూణె క్విక్ హీల్, చెన్నై కే7 లాంటి మన దేశపు కంపెనీలవి కూడా మంచి సాఫ్ట్‌వేర్లే. ఏదైనా ఇబ్బంది వస్తే ఇంటికొచ్చి చూసే మనిషి ఊళ్లోనే ఉండటం మీకు నిజంగా ఉపయోగమైతే, ఆ సేవ కోసం డబ్బు పెట్టడంలో తప్పులేదు. అప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. కీ, అంటే కొన్న సాఫ్ట్‌వేర్‌ను పనిచేయించే కోడ్ వేసేటప్పుడు మీ మెయిల్, మీ ఫోన్ నంబరే ఇమ్మనండి. చాలాచోట్ల పని తొందరగా అవుతుందని షాపువాళ్లు తమ మెయిల్ పెట్టేస్తారు. రేపు కంప్యూటర్ ఫార్మాట్ చేసి మళ్లీ వేసుకోవాలంటే ఓటీపీ వాళ్లకు పోతుంది, మీరు వాళ్ల చుట్టూ తిరగాలి. మిగిలిన నెల వృథా అవుతుందన్న బాధ కూడా వద్దు. అదే కంపెనీది రెన్యూ చేస్తే మిగిలిన రోజులు సాధారణంగా కొత్త గడువులో కలుస్తాయి, వేరే కంపెనీకి మారితే కలవవు. ఆ నెల కోసం ఇంకో మూడేళ్లకు డబ్బు కట్టడం మాత్రం వద్దు.

ఎవరైనా రెండు వందలకు లైఫ్‌టైమ్ కీ ఇస్తానంటే దగ్గరికి రానీయకండి. క్రాక్, అంటే డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్‌ను వాడుకునే దొంగదారి ప్రోగ్రామ్ వేయడానికి ముందు ఉన్న యాంటీవైరస్‌ను ఆపమంటారు, ఆపిన క్షణంలోనే అసలు దొంగ లోపలికి వస్తాడు. ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బు అడిగే స్టాప్ అనే ర్యాన్సమ్‌వేర్ ఇలా క్రాక్ సాఫ్ట్‌వేర్ల వెంటే ఇళ్లలోకి పాకింది.

రెన్యూవల్ కోసం పక్కన పెట్టిన డబ్బు ఉంటే దానితో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి, డబ్బు తక్కువైతే ఇంకొంచెం కలుపుకొని అయినా సరే. ఈ ఉత్తరం మొత్తంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. 2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కరెంటు కంపెనీల కంప్యూటర్లు ర్యాన్సమ్‌వేర్ బారిన పడ్డాయి. మీ నల్లగొండకు కరెంటిచ్చే దక్షిణ తెలంగాణ సంస్థ కూడా అందులో ఉంది. అంతటి సంస్థలకే తప్పనిది మన ఇంటి కంప్యూటర్‌కు తప్పుతుందని ఏ యాంటీవైరస్సూ రాసివ్వదు. కానీ వారానికోసారి డిస్క్ పెట్టి, ట్యాలీ బ్యాకప్, ముఖ్యమైన ఫోల్డర్లు కాపీ చేసి, డిస్క్‌ను ఊడదీసి బీరువాలో పెడితే, కంప్యూటర్‌కు ఏమైనా మీ లెక్కలు మీ దగ్గరుంటాయి. ఊడదీయడం మరచిపోవద్దు. తగిలించి ఉంచిన డిస్క్‌ను కూడా ర్యాన్సమ్‌వేర్ వదలదు.

ఇప్పుడు పని ఎలా చేయాలో చెబుతాను. నెలవారీ రిటర్నులైతే జీఎస్టీఆర్-1కు 11, 3బీకి 20 గడువు కదా, ఆ తేదీల దగ్గర పెట్టుకోకండి. దుకాణం ముందు యూరియాకు లైను కట్టే రోజుల్లోనూ వద్దు. యూపీఎస్ ఉండి, తీరిక దొరికిన ఆదివారం సాయంత్రం చూసుకోండి.

ముందు ట్రయల్‌ను తీయాలి, పాతదాన్ని కాదు. స్టార్ట్ మెనూలో సెట్టింగ్స్, అందులో యాప్స్‌లోకి వెళ్తే వేసినవన్నీ వరుసగా కనిపిస్తాయి. ట్రయల్ పేరు మీద నొక్కి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఇంకొన్నాళ్లు ఉండండి, సగం ధరకే ఇస్తాం అని అది బతిమాలుతూ ఒకటి రెండు పెద్ద బొమ్మలు చూపిస్తుంది. అవునన్న బటన్ పెద్దగా, రంగులో ఉంటుంది, తీసేయమన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదివి నొక్కండి. తర్వాత రీస్టార్ట్. ఇక్కడికే మీ కంప్యూటర్ కొంచెం ఊపిరి పీల్చుకుంటుంది, లాకర్ ఫైళ్లు తీసే పని, ట్యాలీ బ్యాకప్ ఈ దశలో చేస్తే తొందరగా అవుతాయి.

అవి రెండూ అయ్యాకే పాతదాన్ని అదే దారిలో తీసేయండి. షాపులో వేసిన రోజున సెట్టింగ్స్‌కు పాస్‌వర్డ్ పెట్టి ఉంటే ఇప్పుడు అడుగుతుంది, షాపాయన్ను అడిగి తెలుసుకోండి. సెట్టింగ్స్ ఉంచాలా, పూర్తిగా తీసేయాలా అని అడిగితే పూర్తిగా అనే చెప్పండి. మళ్లీ రీస్టార్ట్. అన్‌ఇన్‌స్టాల్ చేసినా యాంటీవైరస్‌ల ముక్కలు కొన్ని లోపల మిగిలిపోతాయి, ఆ ముక్కలే తర్వాత స్లోకు, ఇంటర్నెట్ తెగిపోవడానికి కారణమవుతాయి. అందుకే మెకాఫీ, నార్టన్, అవాస్ట్, కాస్పర్‌స్కీ, ఈసెట్ లాంటి కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్‌ను ఊడ్చి పారేయడానికి ప్రత్యేకంగా చిన్న రిమూవల్ టూల్ ఉచితంగా ఇస్తాయి. మీ రెండు కంపెనీలవీ వాటి సొంత వెబ్‌సైట్లలోనే వెతకండి. గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనగా వచ్చే మొదటి లింకు నొక్కకండి.

తర్వాత స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని టైప్ చేసి తెరవండి. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ దగ్గర ఆకుపచ్చ టిక్ కనిపిస్తే డిఫెండర్ పనిలోకి వచ్చినట్టే. అదే కిటికీలో సెట్టింగ్స్‌లో మేనేజ్ ప్రొవైడర్స్ అని ఉంటుంది. అందులో యాంటీవైరస్ కింద ఒక్క పేరే ఉండాలి. పాత పేరు ఇంకా కనిపిస్తుంటే రిమూవల్ టూల్ మళ్లీ నడపాలని అర్థం. ఆపైన ప్రొటెక్షన్ అప్‌డేట్స్‌లో చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కి, స్కాన్ ఆప్షన్స్‌లో ఫుల్ స్కాన్ పెట్టి పడుకోండి, పాత డిస్క్ మీద గంటలు పడుతుంది. మొబైల్ హాట్‌స్పాట్ మీద ఉంటే రోజువారీ డేటా అయిపోకుండా చూసుకోండి. స్కాన్‌కు డేటా అక్కర్లేదు, అప్‌డేట్‌కే కావాలి. పొద్దున మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ కూడా ఒకసారి నడపండి. అది కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. సుమారు పావుగంట పని. లోతుగా నాటుకున్నవి దీనికి దొరికే అవకాశం ఎక్కువ.

అదే చోట ర్యాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఒకటుంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లలోని ఫైళ్లను తెలియని ప్రోగ్రాములు మార్చకుండా ఆపుతుంది. ట్యాలీ డేటా ఫోల్డర్‌ను కూడా ఆ జాబితాలో చేర్చుకోవచ్చు. అలా చేర్చినప్పుడు ట్యాలీని అనుమతించిన యాప్‌ల జాబితాలో పెట్టడం మరవొద్దు, లేకపోతే ఓచర్ సేవ్ కాక తల పట్టుకుంటారు. ఈ ఒక్క పనికి మీ అబ్బాయి సంక్రాంతికి వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. డిఫెండర్ నిజంగా పట్టుకుంటోందా అన్న అనుమానం ఉంటే ఐకార్ టెస్ట్ ఫైలుతో అతనే చూపిస్తాడు. 68 అక్షరాల ఆ ఫైలు ఏ హానీ చేయదు, యాంటీవైరస్‌లు దాన్ని వైరస్‌గా పట్టుకోవాలన్నది అందరూ ఒప్పుకున్న పద్ధతి.

కుడి మూలన రోజూ వచ్చే హెచ్చరిక గురించి. దాని కింద సన్నని అక్షరాల్లో క్రోమ్ అనో, ఏదో వెబ్‌సైట్ పేరో ఉందేమో ఈసారి వచ్చినప్పుడు గమనించండి. ఉంటే అది మీ యాంటీవైరస్ పంపింది కాదు. ఎప్పుడో ఏదో సైట్‌లో అలౌ నొక్కినందుకు ఆ సైట్ పంపిస్తున్న ప్రకటన. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి తెలియని పేర్లన్నీ తీసేయండి. అందులోని రెన్యూ బటన్ నొక్కి కార్డు నంబరు ఇవ్వొద్దు, కనిపించే ఫోన్ నంబరుకు కాల్ చేయొద్దు, మీ కంప్యూటర్‌ను దూరం నుంచే నడిపించే ఎనీడెస్క్ అనే యాప్‌ను అవతలివాళ్లు వేయమంటే అసలు వేయొద్దు. ఇప్పటికే ఎవరైనా డబ్బు కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

మీ అబ్బాయి ట్రయల్ వేసేటప్పుడు కార్డు గానీ యూపీఐ గానీ ఇచ్చాడేమో అడగండి. సాఫ్ట్‌వేర్ తీసేసినంత మాత్రాన ఆటో రెన్యూవల్ ఆగదు. ఆ కంపెనీ అకౌంట్‌లోకి వెళ్లి సబ్‌స్క్రిప్షన్ రద్దు చేయాలి, యూపీఐ అయితే యాప్‌లో ఆటోపే జాబితాలోనూ ఆపాలి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి కోతకు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. ఆ మెసేజ్ వస్తే ప్రకటన అనుకుని చెరిపేయొద్దని అతనికి చెప్పండి.

విండోస్ 10 విషయంలో మీ మరిదికి ఒక మాట చేరవేయండి. దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. డిఫెండర్‌కు వైరస్ జాబితాలు 2028 అక్టోబర్ దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది కానీ, విండోస్‌లోని కంతలను పూడ్చేది అప్‌డేటే తప్ప యాంటీవైరస్ కాదు. 2017 మేలో ప్రపంచాన్ని గడగడలాడించిన వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ దూరిన కంతకు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిస్తే ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో చేరమనే లింకు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టుకుంటే డబ్బు కట్టకుండానే 2026 అక్టోబర్ 13 వరకు అప్‌డేట్లు వస్తాయి. మీ కంప్యూటర్ విండోస్ 11కు పనికొస్తుందో లేదో కూడా అదే పేజీలో తెలుస్తుంది, పనికొస్తే బ్యాకప్ తీసుకుని అటు మారడమే మేలు.

ఇవన్నీ అయ్యాక కూడా ట్యాలీ నెమ్మదిగానే తెరుచుకుంటే తప్పు యాంటీవైరస్‌ది కాదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి డిస్క్ చూడండి. ఏ పనీ చేయకపోయినా అది వంద శాతం దగ్గరే కూర్చుని, పక్కన హెచ్‌డీడీ (పాత రకం హార్డ్ డిస్క్) అని రాసి ఉంటే, షాపాయన్ను పిలిచి దాని బదులు వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్ ఎస్‌ఎస్‌డీ వేయమనండి. ఆయనకు రెన్యూవల్ బేరం పోయినా ఈ పని దొరుకుతుంది. పాత డిస్క్‌ను మాత్రం ఆయనకు ఇచ్చేయకుండా ఇంట్లోనే ఉంచుకోండి, అందులో మీ లెక్కలన్నీ ఉన్నాయి.